డాబా మీద సూర్యుడు, చేతిలో అద్దం: ఒక చీమల ప్రాజెక్టు డైరీ

1వ రోజు, శనివారం

గురుగ్రహం కోసం డాబా ఎక్కాను. ఇంకా పొద్దు గూకలేదు. బైనాక్యులర్ మెడలో వేసుకుని, చీకటి పడేదాకా చేసే పనేమీ లేక నేలకేసి చూస్తూ కూర్చున్నాను. ఒక గండుచీమ చచ్చిన ఈగను పట్టుకుని పోతోంది. చీమల బారు లేదు. దానికి ముందొకటి లేదు, వెనకొకటి లేదు. ఒంటరిగా, ఎవరో గీత గీసి ఇచ్చినట్టు తిన్నగా, తూర్పు పిట్టగోడ అడుగున ఉన్న పగుల్లోకి పోయి మాయమైంది.

దారి ఎలా తెలిసింది దానికి?

చీమలు వాసన పట్టుకుని పోతాయని చిన్నప్పటి నుంచీ విన్నదే. కానీ ఈ చీమ నా కుర్చీ చుట్టూ వంకరటింకరగా తిరిగి ఈగను వెతుక్కుంది. తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం ఆ వంకరదారిలో పోలేదు, అడ్డంగా కోసుకుని ఇంటికి పోయింది. వచ్చిన దారి వాసన పట్టుకుని పోతే వంకరగానే పోవాలి కదా.

గురుగ్రహాన్ని చూసి, దాని చంద్రుళ్లలో మూడింటిని లెక్కపెట్టి కిందికి దిగాను. మనసు మాత్రం ఆ చీమ దగ్గరే ఉంది. రాత్రి చదువుతుంటే ఫెలిక్స్ సాంట్షీ అనే డాక్టరు సంగతి దొరికింది. ట్యునీషియాలోని కైరువాన్‌లో వైద్యం చేసుకుంటూ తీరిక వేళల్లో చీమల వెంట తిరిగేవాడట. 1911లో ఒక పని చేశాడు. ఇంటికి పోతున్న చీమకు సూర్యుడు కనబడకుండా అడ్డం పెట్టి, అవతలి వైపు నుంచి అద్దంతో సూర్యుణ్ణి చూపించాడు. చీమ వెనక్కి తిరిగి నడిచింది. అద్దం తీసేస్తే మళ్లీ ఇంటివైపు తిరిగింది.

కావలసినవి ఒక అద్దం, ఒక అట్టముక్క. ఇంత చవకైన ప్రయోగాన్ని చేయకుండా వదిలేస్తే నిద్ర పట్టదు.

2వ రోజు

అలమారా తలుపు లోపలి అద్దం ఊడదీశాను. అమ్మకి చెప్పలేదు.

డాబా గట్టు మీద ఎర్రచీమల బారు ఎప్పుడూ ఉంటుంది. సులువుగా దొరుకుతాయని వాటితో మొదలుపెట్టాను. తూర్పున అట్ట, పడమట అద్దం. అద్దంలో సూర్యుడు భగభగ మండుతూ బారు మీద పడ్డాడు. ఒక్క చీమ కూడా పట్టించుకోలేదు. అరగంట ప్రయత్నించాను. చెయ్యి నొప్పి పుట్టింది తప్ప ఒరిగిందేమీ లేదు.

చివరికి విసుగొచ్చి బారుకి అడ్డంగా తడివేలితో ఒక్కసారి రుద్దాను. అంతే, గందరగోళం. రుద్దిన చోటు దాకా వచ్చి ఇటు ఆగేవి ఇటు, అటు ఆగేవి అటు, మీసాలు నేలకు కొట్టుకుంటూ తిరగడం మొదలుపెట్టాయి. రెండు నిమిషాలకు ఒకటి ఎలాగో దాటింది, దాని వెనక మిగతావి. నేల మీద వాసన గీత ఉన్నంతసేపు ఈ జాతికి ఆకాశంతో పనిలేదు. తప్పు చీమలది కాదు, ప్రశ్న ఎవరిని అడగాలో తెలియని నాది.

5వ రోజు

గండుచీమల కోసం కాపు కాశాను. అవి పొద్దున, సాయంత్రం వస్తాయి. ఎండ ముదిరితే ఒక్కటీ కనబడదు. పగులుకి 3 మీటర్ల దూరంలో, పడమటి వైపు ఒక సీసా మూతలో పంచదార పాకం పెట్టాను.

మేనకోడలు బుజ్జి ఆదివారం మధ్యాహ్నం దిగింది, సెలవలకి. వయసు పదకొండు. ప్రాజెక్టు వినగానే మొదటి ప్రశ్న: "మామయ్యా, వచ్చిందే మళ్లీ వస్తోందా, వేరేవి వస్తున్నాయా?" నాకు తట్టనే లేదు. పొట్ట మీద రంగు చుక్క పెట్టాలంది. నెయిల్ పాలిష్ వద్దన్నాను, దాని ఘాటుకి చీమ తట్టుకుంటుందో లేదో. బొమ్మలకి వేసే నీళ్లరంగు, గడ్డిపరక కొస. చీమ పాకం తాగుతున్నప్పుడు కదలదు, అదే అదను. ఆరు చీమలకి చుక్కలు పడ్డాయి. రెండు రోజుల్లో నాలుగు చెరిగిపోయాయి. మిగిలినవి పసుపుచుక్కది, తెల్లచుక్కది.

7వ రోజు

పసుపుచుక్కది పొద్దున్నే తొమ్మిది సార్లు వచ్చింది. ప్రతిసారీ దాదాపు ఒకే గీత మీద.

పాకం మూతకి, పగులుకి మధ్యలో ఖాళీ పూలకుండీ ఒకటి ఉంది. కావాలని దాన్ని రెండడుగులు పక్కకి జరిపాను. తర్వాతి రాకలో పసుపుచుక్క కుండీ ఉండాల్సిన చోటికి వచ్చి ఆగింది, తల ఎత్తింది, కుండీ వైపు కొంచెం వంగి నడిచి, మళ్లీ సర్దుకుని పగులు చేరింది. మొదటిసారే. రెండోసారికి కొత్త ఏర్పాటు అలవాటైపోయింది.

అంటే ఇది గుర్తులు కూడా చూసుకుంటోంది. జంతువుల ప్రవర్తన చదివిన నికో టింబర్గెన్ ఇలాంటి పని కందిరీగలతో చేశాడు. గూటి కన్నం చుట్టూ దేవదారు కాయలు వలయంగా పేర్చి, కందిరీగ వేటకి పోగానే ఆ వలయాన్ని పక్కకి జరిపాడు. తిరిగొచ్చిన కందిరీగ కాయల నడుమ దిగి, లేని కన్నం కోసం వెతికింది. టింబర్గెన్‌కి 1973లో నోబెల్ వచ్చింది, తేనెటీగల నాట్యం చదివిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌తో, కోన్రాడ్ లోరెంజ్‌తో పాటు.

నా అద్దానికి ఇది చెడ్డ వార్త. గోడ, కుండీ, కుర్చీ, నీళ్ల ట్యాంకు, చివరికి నేనూ, అన్నీ దాని లెక్కలో ఉన్నట్టే. సూర్యుడొక్కడే మిగలాలంటే వీటన్నిటినీ దాచాలి.

9వ రోజు, రాత్రి

చీమలకి సెలవు. గురుగ్రహం దగ్గర ఈసారి నలుగురు చంద్రుళ్లూ దొరికారు, ఒక పక్కన ఒకటి, రెండో పక్కన మూడు. బుజ్జికి నోట్‌బుక్‌లో నాలుగు చుక్కలు పెట్టించాను. గెలీలియో 1610 జనవరి 7న ఇలాగే చుక్కలు పెట్టాడు, ఆ రాత్రి ఆయనకి కనబడినవి మూడే. లోపలి చంద్రుడు అయో చుట్టూ తిరిగి రావడానికి 1.77 రోజులు, యూరోపాకి 3.55, గానిమీడ్‌కి 7.15. ఒకదానికి రెట్టింపు ఇంకొకటి. "ఎవరైనా లెక్క చూసి పెట్టారా?" అంది. ఒకదాన్నొకటి లాక్కుంటూ అలా సర్దుకున్నాయని చెప్పాను. తలూపింది గానీ నమ్మినట్టు లేదు.

11వ రోజు

గోడ కట్టడానికి పూర్తిగా ఒక రోజు పట్టింది. తెల్ల అట్టలు జానెడు ఎత్తున కోసి, టేపుతో అతికించి, మీటరు వెడల్పున వలయం చేశాను. చీమలు లోపలికి, బయటికి పోవాలి కాబట్టి వలయాన్ని పెన్సిల్ ముక్కల మీద వేలెడు ఎత్తున నిలబెట్టాను. మధ్యలో పాకం మూత. కింద తెల్ల చార్టు కాగితం, ప్రతి చీమకీ కొత్తది, వాసన ఏదైనా అంటుకుని ఉంటే పోయేందుకు. లోపల నిలబడ్డ చీమకి తెల్లగోడ, ఆకాశం తప్ప ఇంకేమీ కనబడకూడదని లెక్క.

పన్నెండో గంటకి గాలి వచ్చింది. వలయం లేచి పక్కింటి డాబా మీద పడింది. వెళ్లి అడిగి తెచ్చుకున్నాను. ఏమిటిది అని అడిగితే "చీమలకి" అన్నాను. ఇంకేమీ అడగలేదు వాళ్లు.

12వ రోజు, పొద్దున ఎనిమిదిన్నర

ఇది వివరంగా రాసుకోవాలి.

సూర్యుడు తూర్పున, నేల నుంచి 35 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. పగులు కూడా తూర్పునే. అంటే ఇంటికి పోయే చీమకి సూర్యుడు ఎదురుగా ఉంటాడు. బుజ్జి తూర్పు వైపు అట్ట పట్టుకుంది, నేను పడమట అద్దం. చెప్పినంత సులువు కాదు ఇది. అట్ట నీడ అద్దం మీద పడకూడదు, అద్దం వెలుగు అట్టకి తగిలి చెదరకూడదు, రెండూ ఒకే క్షణంలో రావాలి. ఐదుసార్లు తప్పాం. ఒకసారి వెలుగు నేరుగా బుజ్జి మొహం మీదే కొట్టాను. నల్లకళ్లద్దాలు పెట్టుకోమన్నాను, ఆ అద్దాల సంగతి తర్వాత వస్తుంది.

పసుపుచుక్క కడుపు నింపుకుని మూత దిగింది. మీసాలు రెండుసార్లు ముందుకాళ్లతో దువ్వుకుంది. తూర్పుకి బయలుదేరి, వేలెడు దూరం, రెండు వేళ్లు. "ఇప్పుడు" అన్నాను. నీడ పడింది, పడమటి నుంచి వెలుగు వచ్చింది. చీమ ఆగిపోయింది. ముందుకాళ్లు ఎత్తి నిలబడ్డట్టు తల పైకి లేపింది. ఎడమకి కొంచెం, కుడికి కొంచెం. తర్వాత ఉన్నచోటే ఒక చుట్టు తిరిగి, ఏ సందేహమూ లేనట్టు, పడమరకి, నా వైపుకి నడవడం మొదలుపెట్టింది.

చెయ్యి వణికింది. వెలుగు తప్పిపోయింది. బుజ్జి అట్ట కింద పడేసింది. నిజం సూర్యుడు మళ్లీ తగిలిన చోటే పసుపుచుక్క మరో చుట్టు తిరిగి తూర్పుకి పోయింది, ఏమీ జరగనట్టు.

మధ్యాహ్నం దాకా ఇద్దరం కిందా మీదా దూకుతూనే ఉన్నాం.

13వ రోజు

నిన్న, ఈరోజు కలిపి 12 సార్లు చేస్తే 10 సార్లు తిరిగాయి. ఇంత బాగా రావడమే అనుమానంగా ఉంది. చీమ పక్కకి పోయినా బుజ్జి "తిరిగింది తిరిగింది" అంటోంది, నేనూ రాసేసుకుంటున్నాను. తిరగాలని ఇద్దరికీ ఉంది మరి.

బెర్లిన్‌లో హాన్స్ అని ఒక గుర్రం ఉండేది. కూడికలు అడిగితే డెక్కతో తట్టి జవాబు చెప్పేది. యజమాని ఫాన్ ఓస్టెన్ మోసగాడు కాదు, గుర్రానికి నిజంగా లెక్కలొచ్చని నమ్మాడు. 1907లో ఆస్కర్ ఫుంగ్స్ట్ గుట్టు తేల్చాడు. అడిగేవాడికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియడం లేదు. సరైన అంకె దగ్గరికి వచ్చేసరికి అడిగేవాడి తల వాడికే తెలియకుండా రవ్వంత కదిలేది, గుర్రం అది చూసి ఆపేసేది. గుర్రానికి లెక్కలు రావని తేలిందని ఈ కథని అందరూ ముగిస్తారు. నాకు మాత్రం అక్కడ గుర్రమే తెలివైనదిగా కనబడుతుంది. మనిషి తనకే తెలియని కదలికను అది చదివింది.

బుజ్జిని నమ్మకుండా ఎలా లెక్కపెట్టడం? దారి దొరికింది. చార్టు మీద మూత చుట్టూ గుండ్రంగా గీత, దాని మీద గడియారంలా 1 నుంచి 12 దాకా అంకెలు. ప్రతిసారీ చార్టుని నేనే ఇష్టమొచ్చినట్టు తిప్పి పరుస్తాను, 12 ఎటుందో ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకుంటాను. బుజ్జి పని చీమ ఏ అంకె దగ్గర గీత దాటిందో చదవడమే. "తిరిగిందా" అన్న మాట వాడకూడదు.

"మరి నువ్వు కావాలని చీటీ తప్పు రాస్తే?" అంది. ఇలాంటి వాళ్లే పరీక్ష పేపర్లు దిద్దాలి.

16వ రోజు

మూడు పొద్దుల లెక్క. అద్దంతో 20 సార్లు: ఇంటికి పూర్తి ఎదురుదిక్కుగా, అంటే పడమటి పక్కన దాటినవి 11, మామూలుగా ఇంటివైపే పోయినవి 4, అటూ ఇటూ పక్కలకి 5. అద్దం లేకుండా నీడ ఒక్కటే పెట్టి 20 సార్లు: ఇంటివైపు 15, ఎదురుదిక్కుగా 1, పక్కలకి 4.

12కి 10 కాస్తా 20కి 11 అయింది. కొంచెం బాధే. కానీ ఈ 11ని ఎవరైనా వచ్చి ఏ ప్రశ్నైనా అడగొచ్చు.

రెండో వరసని చూస్తుంటే ఇంకోటి తట్టింది. నీడలో సూర్యుడు కనబడకపోయినా 15 సార్లు ఇంటికే పోయాయి. ఆకాశంలో ఇంకేదో చూస్తున్నాయి.

18వ రోజు

ఈ డైరీలో నాకు సిగ్గుగా అనిపించిన రోజు.

సూర్యుణ్ణి దిక్సూచిగా వాడాలంటే ఒక చిక్కుంది. సూర్యుడు కదులుతాడు. పొద్దున "సూర్యుడు ఎదురుగా ఉంటే ఇల్లు" అని గుర్తుపెట్టుకున్న చీమ, గంట తర్వాత అదే పట్టుకుంటే దారి తప్పుతుంది. కదిలినంత మేర సరిచేసుకోవాలి. దానికేముంది, గంటకి 15 డిగ్రీలు కదా అని బుజ్జికి ధీమాగా చెప్పాను. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, భాగిస్తే 15.

"చూద్దామా?" అంది.

డాబా మధ్యలో ఒక ఇనుప చువ్వని నిలువుగా పాతినట్టు కట్టాం. పాతకాలం వాళ్లు దీన్నే శంకువు అనేవారు. దాని నీడ కొస దగ్గర పావుగంటకోసారి సుద్దతో గుర్తు. సాయంత్రం కోణమానినితో కొలిచాం. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా నీడ తిరిగింది 5 డిగ్రీలు. ఐదే. సూర్యుడు పైకి ఎక్కాడు తప్ప పక్కకి జరగలేదు. మిట్టమధ్యాహ్నానికి అరగంట ముందు నుంచి అరగంట తర్వాత దాకా నీడ తిరిగింది దాదాపు 80 డిగ్రీలు!

కొలత తప్పేమో అనుకుని మర్నాడు మళ్లీ గీశాం. అంతే వచ్చింది. ఆలోచిస్తే సులువే. గంటకి 15 డిగ్రీలు అనేది సూర్యుడు ఆకాశంలో నడిచే వాలుదారి మీద లెక్క. నేల మీద దిక్కు కావాలంటే ఆ వాలుదారిని కిందికి దించి చూడాలి. సూర్యుడు నడినెత్తికి దగ్గరగా దాటే రోజుల్లో మధ్యాహ్నం దిక్కు ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది. ఊరిని బట్టి, నెలను బట్టి ఈ లెక్క మారుతుంది.

ఇరవై ఏళ్లుగా ఆకాశం పిచ్చి నాకు. అయో ఎన్ని రోజులకి తిరిగొస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. రోజూ నా నెత్తి మీదుగా పోయే సూర్యుడు పొద్దున నిలబడి మధ్యాహ్నం పరిగెడతాడని మాత్రం తెలియదు. రాత్రి ఆకాశాన్నే ఆకాశం అనుకున్నాను.

తేనెటీగలకి ఇది తెలుసు. తిండి సూర్యుడికి ఎటు పక్కనుందో అవి గూట్లో నాట్యం చేసి తోటివాటికి చెబుతాయి. సాయంత్రపు ఎండ తప్ప మరేమీ చూడనివ్వకుండా పెంచిన తేనెటీగల మీద డయర్, డికిన్సన్ 1994లో అచ్చువేసిన పరిశోధన ఒకటుంది. వాటిని మబ్బు పట్టిన పొద్దున బయటికి వదిలారు. జన్మలో చూడని పొద్దుటి సూర్యుడు ఎటుంటాడో వాటి నాట్యంలో తెలిసింది. సాయంత్రం ఉన్న దిక్కుకి సరిగ్గా ఎదురుగా, మధ్యాహ్నం దగ్గర ఒక్కసారి ఇటు నుంచి అటు మారేట్టు. కచ్చితమైన లెక్క కాదు, కానీ నేను చెప్పిన "గంటకి 15" కన్నా నిజానికి ఎంతో దగ్గర.

20వ రోజు

గండుచీమలు కాలాన్ని సరిచేసుకుంటాయా అని పరీక్ష. పాకం తాగిన చీమని అగ్గిపెట్టెలో గంటసేపు చీకట్లో ఉంచి, వదిలి, ఎటు పోతుందో చూడాలి. నాలుగింటితో చేశాను. నాలుగూ వదలగానే కంగారుగా చుట్లు తిరిగాయి, ఏ దిక్కూ పట్టలేదు. నాలుగోది తెల్లచుక్క. ఆ తర్వాత అది మూత దగ్గరికి రాలేదు. "అలిగింది" అంది బుజ్జి. అయినా పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య 5 డిగ్రీల తేడాని ఈ గడియారం అంకెలతో పట్టుకోలేను. మధ్యాహ్నం చేద్దామంటే చీమలే రావు. ఈ పరీక్ష ఆపేశాను. అగ్గిపెట్టె కూడా పారేశాను.

22వ రోజు

వాన తుంపర. పని లేదు. చదువుకోవడమే.

మధ్యాహ్నపు ఎండలో తిరిగే చీమ ట్యునీషియా ఎడారుల్లో ఉంది, కాటాగ్లిఫిస్. మిగతా ప్రాణులు నీడకి పారిపోయే వేళలో ఇది బయటికొచ్చి ఎండకి చచ్చిన పురుగుల్ని ఏరుకుంటుంది. కాలిపోయే ఇసుక, నిలవని వాసన, గుర్తుపెట్టుకోవడానికి చెట్టూ పుట్టా లేదు. రూడిగర్ వేనర్ అనే శాస్త్రవేత్త జీవితంలో చాలా భాగం దీని వెంటే గడిచింది. ఇది ఎటు తిరిగిందో ఆకాశాన్ని చూసి, ఎంత నడిచిందో అడుగుల్ని బట్టి లెక్కకడుతూ ఉంటుంది. తిండి దొరికిన క్షణంలో ఇల్లు ఎటు, ఎంత దూరం అన్నది దాని దగ్గర సిద్ధంగా ఉంటుంది.

అడుగుల లెక్కని 2006లో తేల్చిన తీరు చదివి చాలాసేపు నవ్వుకున్నాను. తిండి దొరికిన చోట కొన్ని చీమల కాళ్లకి పంది వెంట్రుకలు అతికించి పొడుగుకాళ్లు తొడిగారు. అడుగు పెద్దదైంది. అడుగుల సంఖ్య పాతదే కాబట్టి ఇల్లు దాటి చాలా దూరం పోయి, అక్కడ వెతుక్కోవడం మొదలుపెట్టాయి. కాళ్లు కురచ చేసినవి ఇంటికి చేరకుండానే ఆగి వెతికాయి. రెండో సంగతి దగ్గర నవ్వు ఆగిపోయింది, నిజం చెప్పాలంటే.

ఇదే పద్ధతి ఇంకెక్కడో చదివాననిపించి పాత పుస్తకాలు తీశాను. దొరికింది. 1971లో అపోలో 15తో చంద్రుడి మీదకి బండి వెళ్లింది. స్కాట్, ఇర్విన్ అందులో కొండల దాకా పోయొచ్చారు. చంద్రుడి మీద దిక్సూచి పనిచేయదు, భూమికి ఉన్నట్టు అయస్కాంత క్షేత్రం లేదు. మలుపు తిరిగితే దిగిన నౌక కనబడదు. అందుకని బండిలో చక్రాల చుట్లు లెక్కపెట్టే ఏర్పాటు, ఎటు తిరిగిందో చెప్పే జైరో, రెండూ కలిపి "నౌక ఇటు, ఇంత దూరం" అని చూపించే చిన్న కంప్యూటరు పెట్టారు. జైరోని మొదట సరిచేయడానికి? బండి మీద ఒక చిన్న పుల్ల లాంటిది, దాని నీడ పడే కొలబద్ద. సూర్యుడి నీడ!

పేజీ పక్కన "కాటాగ్లిఫిస్" అని పెన్సిల్‌తో రాసుకున్నాను. 2004లో అంగారకుడి మీద దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ అనే బండ్లు కూడా కెమెరాతో సూర్యుణ్ణి ఫొటో తీసుకుని దిక్కు సరిచూసుకునేవి, చక్రాల చుట్లు లెక్కపెట్టుకునేవి. ఇసుకలో చక్రం జారితే లెక్క తప్పేది, పొడుగుకాళ్ల చీమలాగే.

చంద్రుడి మీద వాళ్లకి ఒక సుఖం ఉంది. అక్కడ సూర్యుడు గంటకి అర డిగ్రీ కదులుతాడంతే. చీమకి ఆ సుఖం లేదు. మనిషి మెదడులో 8,600 కోట్ల న్యూరాన్లు, చీమ తలలో 10 లక్షలు కూడా ఉండవు.

23వ రోజు, రాత్రి

వాన వెలిసి ఆకాశం కడిగినట్టుంది. అయినా పాలపుంత కనబడదు, వీధిదీపాల వెలుగు దాన్ని ఎప్పుడో మింగేసింది. పేడపురుగులకి అది కనబడుతుంది. చంద్రుడు లేని రాత్రి అవి పేడ ఉండని తిన్నగా దొర్లించుకుపోవడానికి పాలపుంత వెలుగుపట్టీనే పట్టుకుంటాయని మేరీ డాకె బృందం 2013లో చూపించింది. జొహానెస్‌బర్గ్ ప్లానెటేరియంలోకి పురుగుల్ని తీసుకెళ్లి పరీక్షించారు. కొన్నిటి నెత్తి మీద అట్టతో చేసిన టోపీ పెట్టారు, ఆకాశం కనబడకుండా. టోపీ పెట్టుకున్నవి తిక్కతిక్కగా తిరిగాయి.

బుజ్జికి టోపీ సంగతి నచ్చింది. ఆర్ద్ర నక్షత్రాన్ని చూపించి ఇంకొకటి చెప్పాను. ఇండిగో బంటింగ్ అని నీలం పిట్టలు రాత్రిళ్లు వలసపోతాయి. స్టీఫెన్ ఎమ్లెన్ కొన్ని పిల్లల్ని ప్లానెటేరియంలో పెంచి, ఆకాశం ధ్రువనక్షత్రం చుట్టూ కాకుండా ఈ ఎర్రటి ఆర్ద్ర చుట్టూ తిరిగేట్టు పెట్టాడు. వలస కాలం వచ్చేసరికి అవి ఆర్ద్రనే ఉత్తరం అనుకుని దానికి ఎదురుగా బయలుదేరాయి. నక్షత్రాలు పుట్టుకతో తెలియవు, ఆకాశంలో కదలని చోటు ఏదో వెతుక్కోవాలని మాత్రం తెలుసు.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత: "మామయ్యా, మనకి కూడా ఎవరైనా అద్దం పట్టుకుని ఉంటే?"

1961లో అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోపుల కేంద్రంలో ఖగోళ శాస్త్రవేత్తలు ఫ్రాంక్ డ్రేక్, కార్ల్ సేగన్, ఇంకా కొద్దిమంది కూర్చుని వేరే లోకాల్లో తెలివైన జీవులు ఎన్ని ఉండొచ్చో లెక్కలేశారు. వాళ్లలో జాన్ లిల్లీ అనే డాల్ఫిన్ల పరిశోధకుడు కూడా ఉన్నాడు. ఆయన మాటలు విని అందరూ తమ గుంపుకి డాల్ఫిన్ పేరే పెట్టుకున్నారు. ఆ సంగతి చెప్పాను. బుజ్జి అడిగినదానికి అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

25వ రోజు

పొద్దున్నే పూర్తిగా మబ్బు. అద్దం పనికిరాదు. అమ్మ పైకి వచ్చింది. "ఒరేయ్, అలమారాలో అద్దం ఏమైందని వారం నుంచీ చూస్తున్నా. చీమలకి చూపిస్తున్నావా?" రేపు బిగిస్తానన్నాను.

పదింటికి తూర్పున కిటికీ అంత నీలం తెరుచుకుంది. సూర్యుడు మాత్రం మబ్బు వెనకే. పసుపుచుక్క వచ్చింది. చుక్క సగం చెరిగింది, అయినా అదే. పాకం తాగి, తెల్ల వలయం లోపల నుంచి, సూర్యుడు లేకుండా, తిన్నగా తూర్పుకి పోయింది.

నీడ లెక్కలో ఆ 15 గుర్తొచ్చాయి. ఆకాశంలో సూర్యుడు తప్ప ఇంకేముంది? నీలం. ఆ నీలం వెలుగు గాలిలో చెదిరి వస్తుంది కాబట్టి ఒక తీరుగా కంపిస్తుంది, పోలరైజ్డ్ కాంతి అంటారు. సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో అది బాగా గట్టిగా ఉంటుంది. చీమ కంటి పై అంచులో ఈ కంపనదిశను పట్టే ప్రత్యేకమైన భాగం ఉంది. నీలం ముక్క కొంచెం కనబడితే చాలు, సూర్యుడు ఎక్కడున్నాడో తెలిసిపోతుంది.

బుజ్జి నల్లకళ్లద్దాలు పోలరైజ్డువి. సాయంత్రం మబ్బు విడిపోయాక, సూర్యుడు పడమట వాలుతుండగా అవి పెట్టుకుని నడినెత్తికి చూస్తూ తలని మెల్లగా అటూ ఇటూ వంచాను. ఒక వంపులో నడినెత్తి మీద ఉత్తరం నుంచి దక్షిణానికి ముదురునీలం పట్టీ తేలింది, ఇంకో వంపులో కరిగిపోయింది. మళ్లీ వంచాను, మళ్లీ వచ్చింది. బుజ్జి లాక్కుని తనూ పెట్టుకుని, డాబా అంతా తల ఊపుకుంటూ తిరిగింది. పక్కింటి డాబా మీద వాళ్లు చూస్తున్నారు. ఈసారీ ఏమీ అడగలేదు.

27వ రోజు

అద్దం అలమారాకి బిగించాను. ఒక మూల చిట్లింది, అది లోపలి వైపుకి వచ్చేట్టు తిప్పాను.

పాడైపోయిన మానిటర్ ఒకటి విప్పి తెర మీది పోలరైజర్ పొర ఊడదీశాను. జిగురు వదలగొట్టడానికి మూడు గంటలు పట్టింది, రెండు చోట్ల గీతలు పడ్డాయి. మిగిలిన ముక్క పుస్తకం అంత ఉంది. దాన్ని వలయం పైన చట్రంలో పరిచి, చీమ దాని కింద నడుస్తున్నప్పుడు మెల్లగా తిప్పాలి. పొర ఎంత తిరిగితే చీమ అంత తిరగాలి. బుజ్జి గడియారం అంకెలు కొత్త చార్టుల మీద గీసి పెట్టింది, ఇరవై. 12 ఎటుందో చీటీలు ఈసారి తనే రాస్తానంది, నా జేబు మీద నమ్మకం లేదట.

పాకం మూత కడిగి నింపి పెట్టాం. రేపు పొద్దున ఏడున్నరకి, గాలి లేకపోతే.